నడిస్తే వచ్చే మూలుగు

మొన్న ఆత్మకూరు బస్టాండు ఎదురుగా మా ఆవిడ అరటిపళ్ళు బేరం చేస్తుంటే నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఒక తెల్ల కారు ఆ ఇరుకులోనే వెనక్కు తిరగబోయింది. చక్రాలు పూర్తిగా ఒక పక్కకు మళ్ళగానే సన్నగా మూలిగింది. నేను టీ సంగతి మరిచిపోయి ఆ కారు వెంట నాలుగడుగులు నడిచాను. “ఏంది, తెలిసినవాళ్ళా?” అంది మా ఆవిడ. “మనుషులు తెలియదు. మూలుగు తెలిసినట్టుండాది,” అన్నాను. ఆమెకు కథంతా తెలుసు కాబట్టి నవ్వి మళ్ళీ బేరంలో పడింది. తెలియనివాళ్ళకు చెప్పాలి.

ఉదయగిరిలో ఉండే మా పెద్దక్క నర్సుగా పనిచేసి రిటైరైంది. వరికుంటపాడు వైపు పల్లెల్లో ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళు ఇప్పుడు తమ పిల్లలను తెచ్చి ఆమెకు చూపిస్తుంటారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సుల కోసం, ఆటోల కోసం, ఎవరిదో మోటారు సైకిలు వెనక సీటు కోసం కాచుకున్న మనిషి. రిటైరైన కొత్తలోనే డ్రైవింగు నేర్చుకుని, ఎండిన చింతాకు రంగులో ఉన్న ఒక పాత కారు కొనుక్కుంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం అది. బురదలో రెండు చక్రాలు జారినా మిగతా రెండూ లాగుతాయి. ఉదయగిరి వీధుల్లో ఒంటరి మనిషికి ఇంత బండి ఎందుకని అడిగాను. “వానలో కాన్పుకు పిలిస్తే ఎన్నిసార్లు వాగుకు ఇవతల నిలబడిపోయినానో నీకు తెలియదురా,” అంది. ఇప్పుడు కాన్పులకు ఆమెను ఎవరూ పిలవరు. అయినా పల్లెల్లో ముసలివాళ్ళకు బీపీ చూడటానికో, చర్చి ఆడవాళ్ళతో ప్రార్థన కూటాలకో వారంలో సగం రోజులు ఆ బండి రోడ్డు మీదే ఉండేది. ముందు సీట్లో ఎప్పుడూ ఎవరో ఒక అవ్వ, ఆమె ఒళ్ళో ఒక సంచీ.

రెండేళ్ళ కిందట ఆ బండి మూలగడం మొదలుపెట్టింది. నేరుగా పోతున్నంతసేపూ ఏమీ లేదు. నెమ్మదిగా ఇరుకు మలుపు తిరిగేటప్పుడే వచ్చేది. ముందు గొంతులో గరగర, తర్వాత ‘ఊఁ’ అని ఒక దీర్ఘం, చివర ఒక కుదుపు. నేనుండే ఆత్మకూరులో మాకు తెలిసిన మెకానిక్ ఒకడున్నాడు. మంచి పనివాడు, అందుకే అతని షెడ్డు ముందు ఎప్పుడూ నాలుగు బండ్లు వరుసలో ఉంటాయి. మా వంతు వచ్చేదాకా కూర్చుంటే, అతను వచ్చి స్టీరింగు పట్టుకుని షెడ్డు చుట్టూ రెండు రౌండ్లు కొట్టేవాడు. బండి పిల్లిలా నడిచేది. “నర్సమ్మా, మీ బండికి నేనంటే భయం. నన్ను చూస్తే నోరు మూసుకుంటాది,” అనేవాడు. అక్క మాట తీసెయ్యలేక ఒకసారి చక్రాల బేరింగులు మార్చాడు, ఇంకోసారి సైలెన్సర్ బిగించాడు. సీటు కింద వెతికి, ఎప్పుడో పోయిందనుకున్న స్టీలు గరిటె కూడా తీసి ఇచ్చాడు. మూలుగు మాత్రం అట్లాగే ఉంది. మూడోసారి నన్ను పక్కకు పిలిచాడు. “సార్, తప్పుగా అనుకోవద్దు. అమ్మను ఒకసారి చెవుల డాక్టరుకు చూపించండి.” నాకూ వినబడిందయ్యా అన్నాను. అతను నా తెల్లజుట్టు వైపు చూసి తర్వాతి బండి దగ్గరికి పోయాడు.

ఆ మాట నెల్లూరులో ఉన్న మేనల్లుడికి, అంటే అక్క కొడుక్కి, ఫోనులో చేరవేసింది నేనే. వార్తను కడుపులో దాచుకోవడం నేను పనిచేసిన పత్రికల్లో ఎవరూ నేర్పలేదు. తల్లి ఈ వయసులో బండి నడపడం వాడికి మొదటినుంచీ ఇష్టం లేదు. “శనివారం ఆత్మకూరుకు వస్తా మామా. ఆ లోపల శబ్దం ఏందో తేలకుంటే బండి తోలుకపోయి అమ్మేస్తా. అమ్మకు చెప్పు,” అన్నాడు. నువ్వే చెప్పరాదా అంటే, “నాకు భయం,” అన్నాడు. నాకూ భయమే, కానీ ఉదయగిరి పోయి చెప్పాను. అక్క గోంగూర ఆకులు వలుస్తూ ఉంది. చాలాసేపు చేతులు ఆగలేదు. చివరికి కాడలన్నీ పక్కకు నెట్టి, “అంటే మళ్ళీ ఇంకొకరి వెనక సీటు కోసం నిలబడి కాచుకోవాల్నా నేను?” అంది. ఆ గొంతు నేను అంతకుముందు ఒక్కసారే విన్నాను, మా బావ పోయిన రోజు.

ఆ రాత్రి అక్కడే ఉండిపోతే, గురువారం పొద్దున్నే నన్ను బండెక్కించుకుంది. “నలభై ఏండ్లు ఊరందరి గురించి రాసినావు గదరా. ఒక్కరోజు నా బండి గురించి రాయి. యాడ మూలిగింది, ఎప్పుడు మూలిగింది, అంతే. నీ కవిత్వం వద్దు.” ప్యాడు తీసుకుని పక్కన కూర్చున్నాను. ఉదయగిరిలో ఇంటి సందు మలుపు: శబ్దం లేదు. వింజమూరు బస్టాండు మలుపు: కొద్దిగా గొణుగుడు. ఆత్మకూరు, ఊళ్ళోకి తిరిగేచోట: పెద్ద మూలుగు, కుదుపు. హోటల్లో ఇడ్లీ తిని, మా ఇంట్లో మజ్జిగ తాగి గంటన్నర తర్వాత మళ్ళీ అదే మలుపు: శబ్దం లేదు. ఇవన్నీ చూసి, తప్పు ఆత్మకూరు రోడ్లదేనని నేను ఒక నిర్ణయానికి వచ్చాను. మనసులో హెడ్డింగు కూడా పెట్టేసుకున్నాను. అక్క ప్యాడు లాక్కుని, మంచం కాడ వేలాడే జ్వరం చార్టు చూసినట్టు పైనుంచి కిందికి చూసింది.

“రోడ్లు కాదురా. నడిచేకొద్దీ ఎక్కువైంది, కూర్చుంటే పోయింది. చూసినావా?” అంది. “స్కూళ్ళకు పోయినప్పుడు ఇట్లాంటి పిల్లోళ్ళు కనబడేవాళ్ళు. నడిస్తే తుంటి నొప్పి. డాక్టరు గది బయట గంటసేపు కూర్చుంటే నొప్పి పోతాది. లోపలికి పోయేతలికి నవ్వతా ఉంటాడు. దొంగ నొప్పని వాళ్ళ నాయన రెండు తగిలిస్తాడు.”

మెకానిక్ షెడ్డు ముందు వరుసలో మేము కాచుకున్న గంటలు నాకు అప్పుడు గుర్తొచ్చాయి. “మరి అట్లాంటి పిల్లోళ్ళకు నువ్వేం చేసేదానివి?” అన్నాను.

“కాళ్ళు కొలిచేదాన్ని.”

శనివారం పొద్దున షెడ్డు తెరిచేసరికి మేమే మొదట ఉన్నాం. అక్క సంచిలోంచి, పసిబిడ్డల తల చుట్టుకొలత చూసే పాత టేపు ఒకటి, సుద్దముక్క ఒకటి తీసింది. మెకానిక్ పగలబడి నవ్వాడు. “టైర్లకు పొట్టీ పొడుగూ ఉంటాదా నర్సమ్మా? గాలి సమానంగానే ఉండాది, మొన్న నేనే పట్టినా.” “ఉంటాదో లేదో కొలిస్తే నీ సొమ్మేం పోయిందబ్బయా? ఇది పట్టుకో,” అని సుద్దముక్క అతని చేతిలో పెట్టింది. షెడ్డులో సిమెంటు నేల. నాలుగు టైర్లూ నేలను తాకిన చోట గీతలు గీయించింది, టైరు మీద ఒకటి, నేల మీద ఒకటి. చక్రాలు సరిగ్గా ఒక చుట్టు తిరిగేదాకా బండిని నెట్టమంది. మెకానికూ నేనూ భుజాలు ఆనించి మెల్లగా నెట్టాం. ముందు చక్రాల గీతలు ఒక చుట్టు తిరిగి నేలను తాకాయి. వెనక చక్రాల గీతలు ఇంకా తాకలేదు. అవి కూడా తాకేదాకా నెట్టించి, అక్క నేల మీద కూర్చుని కొలిచింది. రెండు వేళ్ళ వెడల్పు తేడా. “నీ బిడ్డకు వెనక కాళ్ళు పొడుగు,” అంది.

మెకానిక్ ముందు టైరు మీద ఒకసారి, వెనక టైరు మీద ఒకసారి అరచెయ్యి పెట్టి చూసి, అదే చేత్తో నుదురు కొట్టుకున్నాడు. “ముందువి అరిగిపోయినాయి, వెనకవి కొత్తవి. మామూలు బండికైతే ఏమీ కాదు. దీంట్లో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలం పంచే పెట్టె ఒకటి మధ్యలో ఉండాది. వీటి నడక ఒకటి, వాటి నడక ఒకటి అయితే అది నలిగి వేడెక్కుతాది, బిగుసుకుంటాది, మలుపులో మూలుగుతాది. ఈడ వరుసలో నిలబడితే చల్లారిపోతాది. ఇంక నాకేం వినపడతాది?” అని నా వైపు తిరిగాడు. “ఎవరు సార్, రెండే టైర్లు మార్పించింది?”

నేను షెడ్డు రేకులు చూస్తూ నిలబడ్డాను. మూలుగు మొదలవడానికి కొద్దిరోజుల ముందు అక్క తన కొడుకు దగ్గరికి నెల్లూరు పోతూ బండి నాకు అప్పగించినప్పుడు, దాన్ని టైర్ల షాపుకు తీసుకుపోయింది నేనే. ‘నాలుగూ మార్చేదా సార్?’ అంటే, ‘వెనకవి రెండూ చాల్లే, ముందువి ఇంకా నడుస్తాయి,’ అన్నాను. మా ఇంట్లో ఏ వస్తువునూ ఒకేసారి మార్చే అలవాటు లేదు. మా నాయన చెప్పులకు సైతం ఈ ఏడు ఒకదానికి, వచ్చే ఏడు ఇంకోదానికి అట్ట వేయించేవాడు. ఈ చుట్టుపక్కల కార్లున్న ఇళ్ళన్నిటిలోనూ టైర్లు రెండేసి మార్చుకోవడమే కదా అని నేనూ అదే చేశాను. నా చూపు ఇంకా రేకుల మీదే ఉంది. అక్కకు అర్థమైపోయింది. “అన్నీ రాసినాడు మా తమ్ముడు. ముద్దాయి పేరొకటే రాయలేదు,” అంది.

వెనకవాటికి సరిగ్గా జతపడే కొత్త టైర్లు రెండు తెప్పించి మెకానిక్ ముందు చక్రాలకు ఎక్కిస్తుండగా, మేనల్లుడు బస్సు దిగి వచ్చాడు. బండి తాళం కోసం చెయ్యి చాపబోయాడు. “వెనక కూర్చో,” అంది అక్క. మెకానిక్ కూడా చేతులు తుడుచుకుని వాడి పక్కన ఎక్కాడు. లోపలి పెట్టె వేడెక్కాలి కాబట్టి అనంతసాగరం దాకా పోయి వచ్చాం. నేను ప్యాడు తెరిచి పెట్టుకున్నాను. ఆత్మకూరు వచ్చాక, బస్టాండు ముందు అన్నిటికంటే ఇరుకు చోట అక్క స్టీరింగును చివరికంటా తిప్పింది.

బయట ఎవరో జామకాయలు అమ్ముతున్న కేక వినబడింది. మా బండిలో ఏ చప్పుడూ లేదు. రెండో చుట్టు తిప్పింది. మూడోది తిప్పేసరికి ఆటోవాళ్ళు ఏమైందోనని లేచి నిలబడ్డారు. మెకానిక్ ఇంక ఆగలేక ముందు సీటు మీద గట్టిగా చరిచి, “గెలిచినావు నర్సమ్మా!” అన్నాడు.

“నాకేమీ వినపళ్ళేదమ్మా,” అన్నాడు మేనల్లుడు, కొంచెం చిన్న గొంతుతో.

“నాకు గూడా వినపళ్ళేదు నాయనా,” అంది అక్క. “నలుగురమూ కలిసి చెవుల డాక్టరు దగ్గరికి పోదామా?”

మెకానిక్ తలకాయ వంచుకుని నవ్వాడు. కనిపెట్టింది ఎవరని మేనల్లుడు అడిగితే, “మీ అమ్మే. నేను సుద్దముక్క పట్టుకున్నా, అంతే,” అన్నాడు. వాడు ఆ సాయంత్రం నెల్లూరు బస్సెక్కేముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు అద్దం మీద పడిన వేపాకు తీసి పారేసి, “వానల్లో మాత్రం నిదానంగా పోమ్మా,” అన్నాడు. అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు. నన్ను ఇంటి దగ్గర దించి అక్క ఒక్కతే ఉదయగిరి దారి పట్టింది. మలుపులో హారన్ ఎందుకు కొట్టిందో తెలియదు, ఎదురుగా కోడిపెట్ట కూడా లేదు.

ఇప్పటికీ ఆ బండి వరికుంటపాడు దారిలో తిరుగుతూనే ఉంది. ఏదో ఒక రోజు అక్క దాన్ని నీడన నిలిపి తాళం తీసి పక్కన పెడుతుంది, అది ఆమెకూ తెలుసు. నాకు మా పత్రిక ఆఫీసువాళ్ళు ఒక తేదీ చెప్పి, శాలువా కప్పి ఇంటికి పంపించారు. అక్క తేదీ ఇంకా అక్క దగ్గరే ఉంది.