పసుపు పూసిన చెక్కలు

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా వీధి వాళ్లంతా కలిసి మా అవ్వకు చూపు పోయిందని తేల్చేశారు. చూపు పోలేదు. ఆ సంగతి తల్చుకుంటే తల నెరుస్తున్న ఈ వయసులో కూడా నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లతో నేనూ గొంతు కలిపాను కాబట్టి ఆ కోపంలో కొంత నా మీద కూడా.

మా అవ్వ పట్టుచీరలు నేసేది. మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి, దాని అంచు మీద కూర్చుని నేయాలి. తాత పోయినప్పటి నుంచి ఆమెకు ఆ గుంతే లోకం. పొద్దున్నే మగ్గానికి దణ్ణం పెట్టి కూర్చుంటే మళ్లీ సంగటి వేళకే లేచేది. పోగు తెగితే ఎక్కడ తెగిందో వెతకనక్కర్లేదు, ఆమె వేలు నేరుగా అక్కడికే పోయేది.

తొంభైల మొదట్లో, నాకు పదేళ్లప్పుడు, మా గోడకు ఆనుకుని పట్టుకు రంగులద్దే షెడ్డు వచ్చింది. దానికోసం దూడంత పంపు తెచ్చారు. అదురు నేలకు దిగకుండా పంపునూ మోటారునూ ఒక ఇనప చట్రం మీద బిగించి, చట్రం నాలుగు మూలలా స్ప్రింగులు పెట్టారు. ఆ పనికి హిందూపురం నుంచి ఒకాయన వచ్చాడు. షెడ్డు యజమాని ఆయన్ని ఇంజనీరు సారు అనేవాడు గనక వీధంతా అలాగే అన్నది. పని అయ్యాక ఘనంగా పూజ చేశారు. పంపుకు దండ వేసి, కంటికి కనపడిన ప్రతిదానికీ పసుపు కుంకుమలు పెట్టి, మాకందరికీ బొరుగులు, బెల్లం పంచారు.

మర్నాటి నుంచే అవ్వ మగ్గం మీద పోగులు తెగడం మొదలైంది. ఒకటి ముడివేసి తలెత్తేసరికి మరొకటి. నేల అదురుతోందనీ, తన కాళ్లకు తెలుస్తోందనీ ఆమె మొత్తుకుంది. నాయన పోయి ఇంజనీరును అడిగాడు. ఆయన మా గడప తొక్కలేదు. షెడ్డులోనే చట్రం మీద రసమట్టం పెట్టి, గాజులోని బుడగ సరిగ్గా నడిమధ్య నిలిచిందని చూపించాడు. "మట్టం ఇంత బాగా కుదిరినాక అదురు యాడిదప్పా? ముసిలామెకు చూపు ఆనడం లేదు. మగ్గం దింపు" అన్నాడు.

పోగు ముడి ఎలా వేస్తారో తెలియని మనిషి, ఆ గుంతలోకి ఒకసారి తొంగి కూడా చూడని మనిషి, ఒక్క బుడగను చూసి ముప్పై ఏళ్ల చేతిపనికి తీర్పు చెప్పేశాడు. నాయన నమ్మాడు. ఈ చీర అయిపోగానే మగ్గం దిగమని అవ్వతో అన్నాడు. నేను కూడా పెద్ద ఆరిందాలా "నీకు కనపడదులే అవ్వా" అన్నాను. ఆ మధ్యాహ్నం ఆమె అన్నం ముట్టలేదు.

ఆదివారం నాడు అవ్వ గ్లాసు నిండా నీళ్లు పోసి గుంత అంచు మీద పెట్టింది. "నీ కండ్లు బాగుండాయి గదా, చూస్తాండు" అంది. గోడ అవతల పంపు మొదలవగానే నీళ్ల మీద సన్నటి వలయాలు లేచాయి. పంపు ఆగగానే అవీ ఆగాయి. అవ్వ నన్ను నోటుబుక్కు తీసుకోమని చెప్పి, చెయ్యి పట్టుకుని షెడ్డుకు నడిపించింది.

పంపు ముందు గొంతుకు కూర్చుని చాలాసేపు చూసింది. ప్రతి స్ప్రింగు పక్కనా చట్రానికీ నేలకూ నడుమ ఒక చెక్క ముక్క ఉంది. దాని మీద పూజనాటి పసుపు ఎండిపోయి ఉంది.

"ఈ చెక్కలేందప్పా?"

"బిగించేటప్పుడు ఆసరాకు పెట్టింటిమి అవ్వా" అన్నాడు అక్కడి పనివాడు.

"బిగించేది అయిపోయె గదా. ఇంకా ఎందుకుండాయి?"

"పూజ చేసినాక కదిలించకూడదు గదా!"

ఇంకా ఊరు వదలక అక్కడే ఉన్న ఇంజనీరు ముఖం తిప్పుకున్నాడు. ఆయనకు తెలుసు. చెక్కలు తీస్తే మట్టం తప్పుతుందనీ, పనంతా మళ్లీ మొదలుపెట్టాలనీ తెలుసు. తెలిసే ఆ పసుపు చాటున దాక్కున్నాడు.

అవ్వ నా నోటుబుక్కులో కాగితం చింపి, చెక్కకూ చట్రానికీ మధ్య దూర్చమంది. ఎంత నెట్టినా దూరలేదు. బరువంతా చెక్కల మీదే ఉంది. స్ప్రింగులు ఊరికే నిలబడి ఉన్నాయి. "పూజ మిషనుకు చేస్తిరా, చెక్కలకు చేస్తిరా?" అంది అవ్వ. నా చేత టెంకాయ తెప్పించి కొట్టి, దోషముంటే తనకే తగలాలని మొక్కింది.

పనివాడు స్ప్రింగుల బోల్టులు తిప్పి చట్రాన్ని కొంచెం పైకి లేపాక చెక్కలు వదులై బయటికొచ్చాయి. మోటారు వైపు చట్రం కుంగి, బుడగ ఒక కొసకు పరిగెత్తింది. ఇంజనీరు ఒక్కో మూలా సర్దాడు. గొట్టాల్లో నీళ్లు నిండగానే మట్టం మళ్లీ తప్పింది, మళ్లీ సర్దాడు. సాయంత్రానికి బుడగ నడిమధ్యకు వచ్చింది. ఈసారి నా కాగితం చట్రం కింద ఈ కొస నుంచి ఆ కొసకు జారిపోయింది. ఇంటికొచ్చి చూస్తే పంపు తిరుగుతూనే ఉంది, గ్లాసులో నీళ్లు కదల్లేదు.

పోగులు తెగడం ఆగింది. అవ్వ ఆ మగ్గం మీద ఇంకా చాలా ఏళ్లు నేసింది. కానీ పొరపాటు మాదేనని ఒక్కరూ అనలేదు. పంపును ఇంకాస్త మెరుగుపరిచానని ఇంజనీరు యజమానితో చెప్పుకున్నాడు. నాయన మగ్గం దిగమన్న మాట మళ్లీ ఎత్తలేదు, అంతే. వీధిలో వాళ్లు మాత్రం ఆమెకు చూపు లేదనే చెప్పుకుంటూ పోయారు. నేను కూడా నాది తప్పు మాటేనని ఆమె బతికుండగా చెప్పలేదు.

ఇప్పుడు కదిరి దగ్గర ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. ఫలానా పిల్లకు చదువు ఎక్కదని ఎవరైనా తీర్పు చెబితే నాకు ఆ బుడగే గుర్తొస్తుంది. ముందు పోయి ఆ పిల్ల కూర్చునే చోట కూర్చుంటాను. అక్కడి నుంచి నల్లబల్ల మీది అక్షరం కనపడుతుందో లేదో చూస్తాను. ఆ రోజు అవ్వ పక్కన కూర్చుని నా కాళ్లు కూడా ఆ గుంతలోకి దించి ఉంటే చాలు, అదురు నాకూ తెలిసేది. ఆమె అన్నం తినేది.