బ్యారెల్ మీద మూడు బొట్లు

పుష్పలీల రైఫిల్ బ్యారెల్ మీద మూడు తుప్పు మచ్చలు పడ్డాయి. మూడూ గుండ్రంగా, ఒకే వరసలో, కొలిచి పెట్టినంత సమంగా ఉన్నాయి. నాటింగ్‌హామ్ శివార్లలో తుపాకులు బాగుచేసే డెనిస్ కళ్లద్దాలు నుదుటి మీదకు నెట్టి చాలాసేపు చూశాడు.

"చిన్నప్పటి నుంచీ తుప్పు చూస్తూనే ఉన్నాను, డక్. దానికింత క్రమశిక్షణ ఉంటుందని ఇవాళే తెలిసింది."

ఆ ఊళ్లో బస్సు డ్రైవర్ దగ్గర్నుంచి వైద్యం చేసే డాక్టరు దాకా ఎవరు ఎవర్ని పిలిచినా డక్ అనే పిలుస్తారు.

"మా ఇల్లు కాస్త చెమ్మ" అంది పుష్పలీల. అది అబద్ధం.

ఆమెది కాకినాడ. కౌన్సిల్ ఆఫీసులో జీతాల విభాగంలో పనిచేస్తుంది. 2009లో ఆఫీసు స్నేహితురాలు రైఫిల్ క్లబ్ ఓపెన్ డేకి రమ్మంటే టీ, కేకు ఉంటాయని వెళ్లింది. బోర్లా పడుకుని కాల్చి చూడమన్నారు. ఒక్కటి తప్ప అన్ని గుళ్లూ నడిమి నల్ల చుక్కలోనే పడ్డాయి. ఆ ఒక్కటి పక్కాయన టార్గెట్‌లో పడింది. అప్పటి నుంచి మంగళవారం సాయంత్రాలు ఆమె ఇంట్లో దొరకదు. తెలుగువాళ్ల పార్టీల్లో పిల్లలు ఆమెను తుపాకి ఆంటీ అంటారు. భర్త సదాశివం సాఫ్ట్‌వేర్ మనిషి. లైసెన్స్ కోసం పోలీసు అధికారి ఇంటికొచ్చి, మెట్ల కింద గోడకు బిగించిన ఇనుప బీరువాను పరీక్షిస్తున్నంతసేపూ ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, తనకు కత్తిపీట వాడడం కూడా రాదని అడక్కుండానే చెప్పాడు.

2013 దసరాకు పుష్పలీల ఎప్పటిలాగే కారుకు, మిక్సీకి, సదాశివం ల్యాప్‌టాప్‌కు పసుపు కుంకుమలు పెట్టింది. ఆ ఏడాదే కొన్న సెకండ్ హ్యాండ్ రైఫిల్‌కు మూడు బొట్లు పెట్టింది. పసుపు బాగా తడిపి మరీ పెట్టింది. దేవుడి బొట్టు తుడవకూడదు, దానంతట అదే రాలాలి. అందుకని అలాగే బీరువాలో పెట్టి తాళం వేసింది. తీసేసరికి బొట్టు రాలింది, దాని కింద ఉక్కు కూడా రాలింది. గుండు బయటికొచ్చే అంచు మీదకు జారిన పసుపు మరీ పాడుచేసింది. నల్ల చుక్కలో పడాల్సిన గుళ్లు కాగితమంతా తిరగడం మొదలుపెట్టాయి.

మార్చిలో కౌంటీ జట్టుకు ఎంపిక పోటీ ఉంది. కిందటేడు కొద్దిలో తప్పిపోయింది. ఈసారి ఎలాగైనా జట్టులోకి రావాలని ఆమె పట్టుదల. ఎటూ బ్యారెల్ మార్చాలి కాబట్టి, భుజానికి ఆనించే చెక్క కూడా తన పొట్టి చేతులకు సరిపడేలా చేయించుకుందామనుకుంది. తన కొలతలతో కట్టించుకుంటున్న మొదటి రైఫిల్ అది.

డెనిస్ ర్యాక్ మీంచి నల్లటి బ్యారెల్ ఒకటి దించాడు. అది నేరేడుపండులా నిగనిగలాడుతోంది. పుష్పలీల దాన్ని చేతుల్లోకి తీసుకుని మళ్లీ ఇవ్వలేకపోయింది.

"మామూలు ఉక్కే, కానీ దివ్యంగా కొడుతుంది. నూనె రాస్తూ, బీరువాలో చెమ్మ లాగే హీటర్ పెట్టుకుంటే చాలు. క్రిస్మస్‌కల్లా రైఫిల్ నీ చేతిలో ఉంటుంది" అన్నాడు. "స్టెయిన్‌లెస్ అయితే తెప్పించాలి. పోటీకి అందుతుందో లేదో చెప్పలేను. ఇంట్లో చెమ్మే కారణమైతే అది అనవసరం."

చెమ్మే కారణమైతే! ఆ మాట ఆమెతోపాటు ఇంటికొచ్చింది.

"నల్లదే తీసుకో లీలా" అన్నాడు సదాశివం పప్పు కలుపుకుంటూ. "వచ్చే దసరాకి దాని పూజ మానెయ్. గొడవుండదు."

"మిక్సీకి చేసి, అసలు ఆయుధానికి మానెయ్యమంటారా? ఆయుధ పూజ అన్నారండీ, మిక్సీ పూజ అన్లేదు!"

"పోనీ పొడి కుంకం చల్లు."

"చల్లడానికి అదేం ముగ్గా?"

యూనివర్సిటీ నుంచి వారాంతానికి వచ్చిన కూతురు సిరి ఫోన్లోంచి తలెత్తింది. "మమ్, ఇట్స్ ఎ బ్యారెల్, నాట్ ఎ బ్రైడ్."

"నువ్వాగవే. నీ సైకిల్‌కి నిమ్మకాయ కట్టిందెవరనుకున్నావ్?"

"దట్ వజ్ యూ? ఐ కంప్లెయిన్డ్ టు ద వార్డెన్!" అని అరిచింది సిరి. నవ్వు ఆగాక అంది: "మమ్, జస్ట్ టెల్ డెనిస్."

"ఏమని చెప్పనే? తుపాకీకి బొట్టు పెట్టానంటే పిచ్చిదనుకోడూ? లైసెన్సు పీకించేస్తాడు."

అయినా శనివారం వెళ్లి చెప్పేసింది. తల వంచుకుని, బొట్టు దగ్గర మొదలుపెట్టి రావణాసురుడి దాకా వెళ్లి, మళ్లీ బొట్టు దగ్గరికొచ్చింది. డెనిస్ నవ్వలేదు. లైసెన్స్ మాట ఎత్తలేదు. పనిలో పడ్డ మనిషిలా ప్రశ్నలు వేశాడు.

"పసుపులో నీళ్లెన్ని?"

"జారేటన్ని."

"ఎప్పుడు తుడుస్తావు?"

"తుడవకూడదు. అదే రాలాలి."

"ఎప్పుడు రాలుతుంది?"

"దాని ఇష్టం."

డెనిస్ తల పంకించి, పెట్టెలో వెతికి బొటనవేలంత స్టెయిన్‌లెస్ ముక్క తీశాడు. "దీనికి చెయ్యి. ఏమీ తగ్గించకు."

"ఇప్పుడు దసరా కాదే!"

"ఉక్కు క్యాలెండర్ చూడదు, డక్."

పుష్పలీల తలస్నానం చేసి, దీపం వెలిగించి, ఆ ముక్కకు తడి పసుపు, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చింది. సదాశివం కూడా కళ్లకద్దుకున్నాడు. దేనికి అద్దుకుంటున్నాడో ఆయనకు తెలియదు. బొట్టు రాలాక ముక్కను డెనిస్ దగ్గరికి తీసుకెళ్లింది. అతను గుడ్డతో తుడిచి, దీపం కింద తిప్పి చూశాడు. లేత పసుపు మరక మిగిలింది. గుంట ఒక్కటీ లేదు.

"పోటీకి అందకపోవచ్చు. ముందే చెబుతున్నాను" అన్నాడు.

పుష్పలీల నల్ల బ్యారెల్‌ను చివరిసారి నిమిరి, తనే ర్యాక్ మీద పెట్టేసింది. "స్టెయిన్‌లెస్ తెప్పించు. ఈ ఏడు అందకపోతే వచ్చే ఏడు కాలుస్తా. దసరా మాత్రం ఏటా వస్తుంది."

బ్యారెల్ ఫిబ్రవరి చివర్లో వచ్చింది. మిగతా పనులు పక్కన పెట్టి డెనిస్ దాన్ని బిగించాడు. పోటీకి ముందు మంగళవారం ఒక్కటే సాధనకు మిగిలింది. జట్టు పేర్లు చదివినప్పుడు ఆమె పేరు అన్నిటికన్నా చివర వచ్చింది. చదివినాయన పుష్పలీల అనే పేరు పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి మూడోసారి గెలిచాడు. ఆమెకు అది పాటలా వినిపించింది.

ఆ ఏడాది దసరాకు రైఫిల్‌కు మూడు బొట్లు పడ్డాయి. మర్నాడు పులిహోర డబ్బా, పసుపు భరిణె పట్టుకుని పుష్పలీల డెనిస్ షాపుకు వెళ్లింది. అతను పులిహోర తిని, మిరపకాయకు కాసేపు కళ్లు తుడుచుకుని, మూలనున్న పాత లేత్ మిషన్ వైపు చూపించాడు.

"ఈ ఏడంతా మొరాయిస్తోంది. దీనికీ ఒకటి పెడతావా?"

ఆమె పసుపులో వేలు ముంచి మిషన్ మీదకు వంగింది. డెనిస్ చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు, డక్. అది మామూలు ఉక్కు. పెయింట్ వేసిన చోట పెట్టు."