దేవకుమారి రాసే వరస

గాజువాకలో ఒక లేత్ వర్క్‌షాపులో ఏ పని ఎప్పుడు మిషనెక్కాలో రాసేది దేవకుమారి. ముందే ముగిస్తే సరుకు ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది. అందుకే పెన్సిల్‌తో రాస్తుంది, చెరుపుతుంది, మళ్లీ రాస్తుంది. చూపుడువేలు ఎప్పుడూ నల్లగానే ఉంటుంది.

సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసే రోజు మత్స్యకారుడు ఎల్లాజీ వచ్చాడు. అతనిచ్చిన పని, బోటు పంకా తిప్పే షాఫ్టు, ఇంకా మొదలే పెట్టలేదు. ఉన్న ఒక్క పెద్ద లేత్ మీద ఓడకెక్కాల్సిన సరుకు పని నడుస్తోంది.

“రేపందరూ ఏటకెల్తన్నారు మేడమ్మా. నానొక్కడినే ఒడ్డున కూకోవాలేటి?”

“నానేటి సెయ్యను ఎల్లాజీ? ఓడ రేపెల్లిపోద్ది.”

అతను వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఓడ పని పూర్తయింది.

మర్నాడు పొద్దున్నే, ఓడ ప్రయాణం నాలుగు రోజులు వాయిదా పడిందని కబురొచ్చింది. దేవకుమారి ఎల్లాజీకి ఫోన్ చేసింది.

“సెప్పండమ్మా,” అన్నాడతను. అతని గొంతు వెనక బోట్లు బయల్దేరుతున్న చప్పుడు. “నీ షాఫ్టే ముందు మిషనెక్కించాల్సింది ఎల్లాజీ,” అంది ఆమె.