టర్నర్ అంకుల్ తెలుగువాడే

పోయిన వారం తంజోంగ్ పగార్‌లో ఆఫీసులో ఉండగా మా తెలుగు సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. "మీ పక్క ఫ్లాటు టర్నర్ గారు పొద్దున పోయారటండీ, హార్ట్ ఎటాక్. సంతాపసభ పెడుతున్నాం. ఎంత గొప్ప తెలుగువాడండీ!" ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది.

అంకుల్‌ది గుంటూరు దగ్గర పల్లె. వైటూకే కంప్యూటర్ పనులకు కంపెనీలు మమ్మల్ని విమానాల్లో ఈ ద్వీపదేశానికి నింపుకొచ్చిన రోజుల్లో ఆయనా ప్రోగ్రామర్‌గా వచ్చారు. ఆదివారాలు జురాంగ్ ఈస్ట్‌లో మా బ్లాకు కింద పిల్లలకు తెలుగు నేర్పేవారు. అక్షరం వంకరపోతే కోప్పడేవారు కాదు. వేలు పట్టుకుని గాలిలో దిద్దించేవారు. 'ళ' సరిగ్గా పలికితే జంతిక ఇచ్చేవారు.

పేరు సంగతి ఎవరడిగినా దాచలేదు. "మా తాత మిషన్ వాళ్ల వడ్రంగి షాపులో తరిమెన మీద, అదే లేత్ మిషను మీద, మంచంకోళ్లు తిప్పేవాడు. దొర పాదిరికి మా ఇంటిపేరు నోరు తిరగలేదు. చేసే పనినే పేరుగా తగిలించాడు. టర్నరంటే తరిమెన పట్టేవాడు. ఇంగ్లండులోనూ ఆ పేరు అట్లాగే పుట్టింది. సముద్రాన్ని రంగుల్లో పట్టిన చిత్రకారుడు టర్నర్‌కి అది పెద్దల నుంచి వచ్చింది. అమెరికాలో తిరగబడ్డ టర్నరనే బానిసకి యజమాని నుంచి అంటింది. ఎట్లా వచ్చినా, పేరు మోసేవాడిదేనయ్యా."

నిరుడు సంఘం తెలుగుబడి పెడదామంది. ఓ శనివారం లిటిల్ ఇండియాలో హోటల్ మేడమీద మీటింగు. నేను అంకుల్ పేరు చెప్పాను. ఈ కార్యదర్శే నవ్వాడు. "టర్నరా? ఆయనేం తెలుగు చెప్తారండీ! ప్రార్థనలు నేర్పితే?" సాంబారు కలుపుకుంటూ తక్కినవాళ్లూ నవ్వారు. అంకుల్ అక్కడే కూర్చుని ఉన్నారు.

"మీ ఇంటిపేరులో ఊరుంది, నా ఇంటిపేరులో పనుంది. పని చేసుకుని బతికితే తెలుగువాణ్ణి కాకుండా పోతానా?" అన్నారు. ఆయన లేచారు. వెనకే నేనూ వచ్చేశాను.

"గట్టిగా తిట్టాల్సింది అంకుల్," అన్నాను రైల్లో.

"రేపు ద్విత్వాలు చెప్పాలి. గొంతు దాచుకోవద్దూ?"

సంఘం బడి వేరేవాళ్లకిచ్చారు. దీపావళి రాకముందే మూతపడింది. అంకుల్ తరగతి మాత్రం నడుస్తూనే ఉంది.

బతికుండగా గుమ్మంలోకి రానివ్వకుండా, పోయాక మనవాడే అనడానికి సిగ్గుండాలి. ఫోన్‌లో ఆ మాటే అన్నాను. "ఇప్పుడవన్నీ ఎందుకండీ," అన్నాడు కార్యదర్శి. వాళ్ల సంతాపసభకు నేను వెళ్లను. ఇది చదివే మీకూ అదే చెబుతున్నాను, వెళ్లకండి.

ఖననం రోజున సమాధి దగ్గర చెక్క సిలువ నాటారు. పేరు ఇంగ్లీషులోనే ఉంది. అంకుల్ దగ్గరే అక్షరాలు దిద్దిన మా అమ్మాయి బ్యాగులోంచి మార్కర్ తీసింది.

"నాన్నా, తెలుగులో ఆల్సో ఉండాలి లా," అంది ఇక్కడి పిల్లల యాసలో.

'ట' రాసింది. 'ర' రాసి, కింద నావత్తు జాగ్రత్తగా దిద్దింది. చివరి 'ర్' పెడుతుండగా చినుకులు మొదలయ్యాయి. సిరా ఆరేదాకా అంకుల్ తరగతి పిల్లలందరూ ఆ చెక్క మీద అరచేతులు అడ్డుపెట్టి నిలబడ్డారు.