చక్రాలు మార్చారు, ఇరుసు మార్చలేదు

ముప్పై ఏళ్లలో తన చేతి అతుకు ఊడిందన్న మాట వినలేదు వెల్డరు. అందుకే కలప అడితి యజమాని మొద్దులు చీల్చే మిషనును అతని షెడ్డుకే పంపాడు. మిషను ఏనుగంత, చక్రాలు మాత్రం పిల్లల సైకిలు చక్రాలంత. అడితిలో అటూ ఇటూ నెట్టుకోవడానికి చేసినవి. యజమానికేమో దాన్ని ట్రాక్టరు వెనక కట్టి ఊరంతా తిప్పాలని ఆశ.

"కారు చక్రాలు పెట్టాలంటే ఇరుసు కూడా లావుది పడాలండీ. ఇది ఉత్త గొట్టం."

"చక్రాలు చాలు. ఇరుసు సంగతి తర్వాత చూద్దాం. నువ్వు కాకపోతే ఇంకొకడు పెడతాడు."

పెట్టాడు. దాన్ని లాగే డ్రైవరు వెల్డరు సొంత తమ్ముడే.

"అబ్బో, ముసలిదానికి కొత్త బూట్లు తొడిగావే అన్నయ్యా! ఇక దీన్ని ఆపడం నా వల్ల కాదు," అని నవ్వుతూ ట్రాక్టరెక్కాడు తమ్ముడు.

"నెమ్మదిగా లాగరా," అన్నాడే గానీ, ఎందుకో చెప్పలేదు వెల్డరు. చెబితే వాడు ఆ బండి ముట్టడు. ముట్టకపోతే మర్నాటి నుంచి వాడికి పని ఉండదు.

పదకొండో రోజు మిట్ట దిగుతుండగా ఇరుసు రెండుగా విరిగింది. మిషను అడ్డం తిరిగి ట్రాక్టరును బోర్లా తిప్పేసింది. తమ్ముడు దాని కిందే పోయాడు.

"దూకుడు మనిషి. తాగి కూడా ఉన్నాడేమో," అన్నాడు యజమాని కనబడ్డవాళ్లందరితో. తమ్ముడు టీ తప్ప ఇంకోటి తాగి ఎరగడు. యంత్రం విరిగితే తప్పు కూలివాడిదే అనడం యజమానులకి కొత్త కాదు. పోయినవాడు లేచొచ్చి కాదనడు కదా!

నెల తిరక్కుండానే మిషను మళ్లీ షెడ్డుకొచ్చింది, ఈసారి లావుపాటి ఇరుసుతో సహా. "పాత ముక్కలు తుక్కులో పడేయ్," అని యజమాని కబురు. గురువారం లేబరు ఆఫీసులో విచారణ మరి.

వెల్డరు కొత్త ఇరుసు బిగించి, చక్రం తిప్పి చూశాడు. వణుకు లేదు, చప్పుడు లేదు. మొత్తం ఒక్క పూట పని. అంతే, ఒక్క పూట.

అప్పుడే మరదలు వచ్చింది. "బావగారూ, బళ్లో అందరూ అంటున్నారట. నాన్న తాగాడా అని పాప అడుగుతోంది. ఏం చెప్పమంటారు?"

వెల్డరు ఇరుసు సంగతి దాచకుండా చెప్పాడు.

"విరుగుతుందని మీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"ఆయనకి?"

"చెప్పలేదు."

ఆమె తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఈ మాట నాకు కాదు, విచారణలో చెప్పండి."

గురువారం విరిగిన ఇరుసు భుజాన వేసుకెళ్లి అధికారి బల్ల మీద పెట్టాడు. "ఈ గొట్టం మీద కారు చక్రాలు బిగించింది నేనేనండీ. బరువుకి ఆగదని తెలిసే బిగించాను. ఈ యజమానే బిగించమన్నాడు."

"నీ షెడ్డుకి నువ్వే తాళం వేసుకుంటున్నావు," అని పళ్లు నూరాడు యజమాని.

అధికారి కాగితంలో 'డ్రైవరు అజాగ్రత్త' అన్న మాట కొట్టేశాడు. కింద యజమాని పేరు రాశాడు, దాని పక్కనే వెల్డరు పేరూ రాశాడు.

బయట మెట్ల మీద మరదలు ఆగింది. "ఇక పాపకి చెప్పుకోగలను," అంది.

వెల్డరు తలూపాడు.

"మీరు మాత్రం మా గడప తొక్కద్దు బావగారూ."

గారూ అనడం మానలేదు. అదే అతన్ని ఎక్కువ కోసింది.