గంజిమావయ్య మీద తగాదా

నిషిగాకి హత్సుయేకి ఒక పగవాడున్నాడు. ఆయన పోయి మూడు వందల ఏళ్ళు దాటింది. అయినా పొద్దున తలకి గుడ్డ కట్టుకుని పనిలో కూర్చున్నది మొదలు, సాయంత్రం సూదులు డబ్బాలో పెట్టేదాకా ఆమె ఆయనతో పోట్లాడుతూనే ఉండేది.

ఆయన పేరు ఎవరికీ తెలియదు. నారా ఊరి చివర చిన్న భిక్షుణీ మఠంలో, బుద్ధుడి స్వర్గమైన సుఖావతీ లోకాన్ని పట్టుదారాలతో కుట్టిన పాతకాలపు తెర ఒకటుంది. అది ముక్కలైపోయిన రోజుల్లో ఎవరో మహానుభావుడు ఆ ముక్కలన్నీ ఏరి, బియ్యపు గంజి దట్టంగా పూసి ఒక గుడ్డకి అంటించాడు. ఇప్పుడా గంజి రాయిలా బిగిసి పట్టుదారాలని విరిచేస్తోంది. తడికాగితం వేసి దాన్ని నానబెట్టి, వెనక గుడ్డని మెల్లగా ఊడదీసి, ముక్కల్ని మళ్ళీ సన్నదారంతో నిలబెట్టడం హత్సుయే పని. తెర మఠం గడప దాటకూడదని భక్తులు పట్టుబట్టడంతో హత్సుయే, ఆమె శిష్యురాలు మసుయో మఠంలోనే మకాం పెట్టారు.

"ఏం గంజిమావయ్యా, ఇంట్లో వండుకోవడానికి నాలుగు గింజలైనా మిగుల్చుకున్నావా, ఉన్నదంతా ఇక్కడే పూశావా?"

మఠం పెద్ద మ్యోజున్ మొదటిరోజు ఆ మాట విని, ఎవరో మగమనిషి వచ్చాడనుకుని ఇంకో కప్పు టీ పట్టుకొచ్చింది. హత్సుయే ఆ కప్పు అందుకుని పక్కబల్ల మీద పెట్టింది.

"తాగు మావయ్యా. తిట్లు తినీ తినీ నీ గొంతు కూడా ఆరిపోయుంటుంది."

ఆనాటి నుంచి గంజిమావయ్యకి రోజూ టీ వచ్చేది.

ఆయన చెయ్యని నేరం లేదు. ఒకరోజు మసుయో చేతిలో సూది పుటుక్కున విరిగింది. దూరదేశం నుంచి తెప్పించుకున్న వెంట్రుకలాంటి సూది. మసుయో విరిగిన ముక్కని అరచేతిలో పెట్టి చూపించింది.

"గురువుగారూ, నేనే..."

"నువ్వేం చేస్తావే? ఇలాంటి గంజిలో గునపం దించినా విరుగుతుంది. మావయ్యా, ఆ సూది ఖరీదు నీ లెక్కలో రాస్తున్నాను."

ఇంకోరోజు చిన్న భిక్షుణి సేయిరెన్ పొద్దున టీనీళ్ళలో బియ్యం వేసి కాచే జావ మాడ్చేసింది. ఆ కంపుకి మఠం పిల్లి గోడ దూకి వెళ్ళిపోయింది. హత్సుయే మాత్రం రెండు గిన్నెలు తాగింది.

"మాడిందేమోనండీ," అంది సేయిరెన్ నేల చూపులు చూస్తూ.

"జావ బాగానే ఉంది తల్లీ. మావయ్య గంజి వాసన నా ముక్కులో తిష్ట వేసుకుని కూర్చుంది. ఇక నాకు మల్లెపువ్వు చూపించినా మాడువాసనే."

వర్షం పడినా మావయ్యే. కళ్ళజోడు కనబడకపోయినా మావయ్యే. ఒకసారి మసుయో ఆ కళ్ళజోడు మీదే కూర్చుంది. దానికీ మావయ్యే.

అందరూ నవ్వుకునేవారు. మ్యోజున్‌కి మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోయేది. చచ్చినవాణ్ణే ఇన్ని మాటలంటున్న మనిషి, బతికున్న దొంగ దొరికితే ఊరుకుంటుందా?

ఆ దొంగ మ్యోజునే.

పదేళ్ళ పిల్లగా మఠంలో చేరిన కొత్తలో ఆమె దుమ్ము దులుపుతూ వెదురుకర్ర కొసతో ఆ తెరని చింపింది. తామరపువ్వు మీద కూర్చున్న దేవకన్య చెయ్యి ఊడి వేలాడింది. అప్పటి పెద్దభిక్షుణి కునుకు తీస్తోంది. పిల్ల మ్యోజున్ పరుగెత్తుకెళ్ళి, అమ్మ చుట్టిచ్చిన దారపు బంతి విప్పి, అందులోని ఎర్రదారంతో ఆ చెయ్యి కుట్టేసింది. ఆ మర్నాటి నుంచి చివాట్ల కోసం ఎదురుచూసింది. చివాట్లు రాలేదు. పొగడ్తలు వచ్చాయి. ఉత్సవానికి వచ్చిన భక్తులు తెర ముందు నిలబడి, "ఆ ఎరుపు చూశారా, ఇన్ని వందల ఏళ్ళయినా ఎలా మెరుస్తోందో. పాతవాళ్ళ రంగంటే రంగే," అన్నారు.

అలా అనడం ఇప్పటికీ మానలేదు. భక్తుల పెద్ద, సాకే అనే బియ్యపుసారా వ్యాపారి ఇనోకుచి అయితే ఆ ఎర్రచేతి దేవకన్యని తన సీసాల మీద అచ్చేయించాడు. ఏటా మొదటి సీసా మఠానికి పంపేవాడు. మ్యోజున్ దాన్ని బీరువాలో వెనక్కి తిప్పి పెట్టేది.

చివరికి హత్సుయే దేవకన్య దగ్గరికి వచ్చింది. కబురు తెలిసి ఇనోకుచి మంచి బట్టలు వేసుకుని మరీ వచ్చాడు. మ్యోజున్ జపమాల పట్టుకుని మూల కూర్చుంది. పూసలు కదులుతున్నాయి గానీ జపం సాగడంలేదు.

"ఏమ్మా, తెర మొత్తంలో ఇదే కదా అసలైన పాత దారం?" అన్నాడు ఇనోకుచి.

"కాదండి. ఇది తరవాత కుట్టింది."

ఇనోకుచి తెర మీదికి వంగాడు. "ఎవరు కుట్టారు?"

"ఇంకెవరు? మా మావయ్యే. చూడండి ఎంత వంకరో. కళ్ళు మూసుకుని కుట్టినట్టున్నాడు సన్నాసి."

మసుయో వంగి చూసింది. "గురువుగారూ, ఈ దారం ఆయన అంటించిన గుడ్డని కూడా కలుపుకుని కుట్టి ఉంది. అంటే ఆయన తరవాత..."

"చూశావా? పోయాక కూడా వచ్చి కుట్టాడు. అంత మొండిఘటం."

మూలనుంచి చప్పుడైంది. మ్యోజున్ లేచి నిలబడింది. తిట్లు తనకి తగిలితే ఓర్చుకునేదేమో. రోజూ తన చేతి టీ తాగుతున్న మనిషి, పైగా చనిపోయినవాడు, తన మూలంగా సన్నాసి అనిపించుకుంటున్నాడు. వినలేకపోయింది.

"ఆయన్ననకండి. ఆయన ఏ పాపం ఎరగడు. నేనే చింపాను. నేనే కుట్టాను."

హత్సుయే తల ఎత్తలేదు. దారం కొస నాలుకతో తడిపి సూదిలోకి ఎక్కించింది.

"ఎందుకు అడ్డొస్తారమ్మగారూ. ఆయనకి అలవాటే."

"మీకు ముందే తెలుసా?"

"వెనక ముడి చూసిననాడే తెలిసింది. బంతి చుట్టే పిల్లలు వేసే ముడి అది. నేనూ వేసినదాన్నే. ఈ మఠానికి పసిపిల్లగా వచ్చింది మీరే కదా."

మసుయో నెమ్మదిగా అడిగింది. "అయితే గురువుగారూ, ఆ సూది?"

"నువ్వే విరిచావు."

గుమ్మంలోంచి సేయిరెన్ తల పెట్టింది. "జావో?"

"మాడింది తల్లీ. రెండురోజులు నాలిక మీదనుంచి పోలేదు."

ఇనోకుచి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మరి నా సీసాలు? పదివేల కాగితాలు అచ్చయిపోయి కూర్చున్నాయి."

"అచ్చుతప్పు. మావయ్యదే. మీరేం చేస్తారు?"

ముందుగా నవ్వింది ఇనోకుచే.

మ్యోజున్ మాత్రం నవ్వలేదు. "ఆ ఎర్రదారం తీసేస్తారా?"

"ఆవేళ మీరు కుట్టకపోతే ఈ చెయ్యి చీపురుకి పోయేది. ఇన్నేళ్ళు పట్టుకున్న కుట్టుని ఇప్పుడు తీసి నేనేం బావుకుంటాను? ఎవరు కుట్టారో నా మరమ్మతు చిట్టాలో నిజమే రాస్తాను. దారం మాత్రం ఉంటుంది."

హత్సుయే చిన్న కత్తెర తీసుకుని, ఎర్రకుట్టు చుట్టూ గోరంత మేర మావయ్య గుడ్డని ఉంచి, మిగతాది ఊడదీసింది. దేవకన్య చేతి వెనక ఇప్పుడు ఇద్దరూ ఉన్నారు.

మర్నాడు మ్యోజున్ టీ కప్పు పక్కన ఒక చిక్కుడుపిండి లడ్డు కూడా పెట్టింది. తెరకి దణ్ణం పెట్టి, బల్లవైపు తిరిగి ఇంకో దణ్ణం పెట్టింది.

హత్సుయే లడ్డుని చూసి మూతి విరిచింది. "ఇలాగే నెత్తికెక్కించుకోండి. మావయ్యా, అది తిని నిద్రపోకు. ఇంకా బుద్ధుడి పాదాల దగ్గర నువ్వు చేసిన నిర్వాకం తేల్చుకోవాలి."