శనివారం అమ్మని కేకు

గుత్తి బస్టాండు ఎదుట బేకరీ నడిపే సాయిబు మీద నా కోపం ఇంకా పూర్తిగా పోలేదు. మాలో చాలామంది శనివారం నీసు, గుడ్డు ముట్టరు. ఆ నియమానికి కాపలా మాత్రం ఆయనే. శనివారం మాకు గుడ్డు పడినదేదీ అమ్మేవాడు కాదు.

రెండువేల సంవత్సరం ప్రాంతంలో ఒక శనివారం, జ్వరంతో రోజుల తరబడి ముద్ద ముట్టని మా నాయనను అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోతున్నాను. బస్సు టీ కోసం గుత్తిలో ఆగింది. బేకరీ అద్దాల వెనక కేకు చూసి నాయన, "అదొక ముక్క ఇప్పీరా" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"శనివారం కదన్నా. దాంట్లో గుడ్డుండాది," అన్నాడు మా నాయనను ఎన్నో ఏండ్లుగా ఎరిగిన సాయిబు.

"ఒక గుడ్డు పదహారు ముక్కలకు పోతాది. ముక్కకు వీసమే పడతాది. ఇయ్యి సామీ!"

"వీసమైనా గుడ్డే. పెద్దాయన ఇన్నేండ్లు కాపాడుకున్నాడు. ఈ పొద్దు నేను చెరిపేదా?"

డ్రైవరు హారన్ కొట్టాడు. "ఆయన ఏమీ తినకపోతే నువ్వు జవాబు చెప్తావా?" అని అరిచాను.

సాయిబు నా వైపు చూడనైనా లేదు. గుడ్డు పడని బన్ను చీల్చి, వెన్న పూసి, టీలో ముంచి నాయన నోటికి అందించాడు. నాయన మింగి మళ్లీ నోరు తెరిచాడు.

"శనివారమని మర్చేపోయినా సాయిబూ," అన్నాడు సిగ్గుపడుతూ.

"ఏమప్పా డ్రైవరూ, పెద్దాయన తింటాండాడు, ఆగు!" అని కేకేసి, సాయిబు నాకూ ఒక బన్ను పెట్టాడు.

"నాకు ఏ నియమాలూ లేవు. కేకే ఇయ్యి," అన్నాను.

"మీ నాయన ముందర తింటావా?"

నేనూ బన్నే తిన్నాను.